చర్చి కంప్యూటర్ తీసుకుని రాయదుర్గం వెళ్లిన రోజు



రెండు ఆదివారాలుగా మన మందిరంలో టీవీ మీద పాటలు ఎందుకు కనబడలేదో చాలామంది అడిగారు. "సిస్టమ్ పాడైంది" అని చెప్పి ఊరుకున్నాను. అది నిజమే గాని సగం నిజం. మిగతా సగం ఆదివారం సంఘంలో చెప్పాను. ఆ రోజు రానివారికోసం, దూరాన ఉండి చదువుతున్న మన పిల్లలకోసం ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికతో చదవండి.

మన చర్చి కంప్యూటర్ సంగతి మీకు తెలుసు. 2013లో ఒక విశ్వాసి కుటుంబం వాడి ఇచ్చినది. పెంటియమ్ ప్రాసెసర్, రెండు జీబీ ర్యామ్, అందులో విండోస్ 7. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆ విండోస్ 7కి 2020 జనవరి 14తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేశారు. మన దగ్గర మాత్రం అది నడుస్తూనే ఉంది. పల్లెటూళ్లలో వస్తువులకు రిటైర్మెంట్ ఉండదు గదా.

నాకు వచ్చిన చిక్కు ఒత్తుల దగ్గర. మన పాత పాటల సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు అతుక్కునేవి కావు. "క్రీస్తు" అన్న మాట "క్‌రీస్‌తు" అని ముక్కలై కనబడేది. తెలుగుకు 1991లోనే, యూనికోడ్ మొదటి కూర్పులోనే చోటు దొరికింది. కాని అక్షరాలకు చోటు ఉంటే సరిపోదట. హల్లు కింద ఒత్తును, పైన గుడిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ సాఫ్ట్‌వేర్‌కు కూడా తెలిసి ఉండాలి. పాతదానికి తెలియదు. పెద్దవాళ్లు పాటలు కంఠతా పాడతారు కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. సండేస్కూల్ పిల్లలు మాత్రం తెర చూసి ఉన్నది ఉన్నట్టు చదివి కిసుక్కున నవ్వేవారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు సంస్కృత సమాసాలతో నిండి ఉంటాయి, అవి తెర మీదికి వస్తే ఇక చెప్పనవసరం లేదు. ప్రభువు నామం ముక్కలు ముక్కలుగా కనబడడం నాకు బాధ అనిపించింది. కోత పండుగ లోపల కొత్త సాఫ్ట్‌వేర్ వేసేద్దామని కూర్చున్నాను.

సెమినరీలో నాకు గ్రీకు అక్షరాలు నేర్పారు గాని కంప్యూటర్ నేర్పలేదు. అయినా ఒకరిని అడగడం దేనికి, చూస్తే వస్తుంది అనుకున్నాను. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి డౌన్‌లోడ్ చేయబోతే ప్రతి వెబ్‌సైటూ "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంది. సరేలే అని ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నొక్కితే, ఈ ఫైల్ మీ విండోస్‌కు సరిపడదు, మీకు కావలసింది 32 బిట్టో 64 బిట్టో చూసుకోండి అని వచ్చింది. సౌలు తన కవచాన్ని దావీదుకు తొడిగించిన ఘట్టం గుర్తొచ్చింది. కవచం మంచిదే, పిల్లవాడూ మంచివాడే, ఒకదానికొకటి కుదరలేదు. దావీదు అలవాటు లేని దాన్ని విప్పి పక్కన పెట్టి ఐదు రాళ్లు ఏరుకున్నాడు. నేను ఆ పని చేయలేదు.

టౌన్‌లో ఒక షాపుకు పోయాను. ఆయన చాలా మర్యాదగా, "అన్నీ ఉన్నాయి పాస్టర్‌గారూ, సీరియల్ నంబర్ కూడా లోపలే ఉంది" అని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రెండు వందలు తీసుకున్నాడు. అసలు ధర ఎంతో నాకు తెలుసు. అప్పటికే ఒకసారి చూసి, మన కానుకలతో కొనలేమని పక్కన పెట్టిన సాఫ్ట్‌వేరే అది. ఇంటికొచ్చి తెరిస్తే అందులో ఒక చిన్న చీటీ ఫైల్ ఉంది: ముందు యాంటీవైరస్ ఆపండి, ఇంటర్నెట్ తీసేయండి, తర్వాత ఈ ఫైల్ నొక్కండి. దొంగ ముందుగా కబురు పంపి "కుక్కను కట్టేసి ఉంచండి, వస్తున్నా" అన్నట్టు ఉంది కదా! అప్పుడు నాకు అలా అనిపించలేదు. చెప్పినట్టే కట్టేశాను.

పచ్చ గీత తొంభై ఎనిమిది శాతం దాకా పోయి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చింది. నాలుగుసార్లు చేశాను. ఐదోసారి కంప్యూటర్ ఆపి తెరిచేసరికి నా ఫోల్డర్లన్నీ చిన్న బాణం గుర్తుతో షార్ట్‌కట్‌లైపోయాయి. నొక్కితే ఏదీ తెరుచుకోదు. పాటలు పోతే మళ్లీ టైప్ చేసుకోవచ్చు. బాప్తిస్మపు రిజిస్టర్ కూడా అందులోనే ఉంది. పేపర్ రిజిస్టర్‌లో రాయడం నేను 2017లో మానేశాను. "అంతా సిస్టమ్‌లో ఉంది" అని గొప్పగా చెప్పుకునేవాడిని. మన సంఘపు పిల్లవాడు ఒకడికి పెండ్లి కుదిరింది. అమ్మాయి తరఫు సంఘంవాళ్లు బాప్తిస్మపు సర్టిఫికెట్ చూపిస్తేనే మొదటి పెండ్లి ప్రకటన చదువుతామన్నారు. ఆ పిల్లవాని బాప్తిస్మం 2018లో. తేదీ నాకు గుర్తులేదు. వాళ్లమ్మకూ గుర్తులేదు, "చెరువు నిండిన ఏడు అయ్యగారూ" అంటుంది.

ఆ రాత్రి ప్రార్థన చేశాను. ఏమని చేశానో చెప్పాలంటే సిగ్గు. "ప్రభువా, ఫైళ్లు తిరిగి ఇయ్యి" అన్నాను గాని పెన్‌డ్రైవ్ ఊసు ఎత్తలేదు.

మన సంఘం నుండి పోయి హైదరాబాదులో పనిచేస్తున్న పిల్లల్లో కంప్యూటర్ బాగుచేసేవాడు ఒక్కడే ఉన్నాడు. అతను రాయదుర్గంలో ఉంటాడు. (అనంతపురం జిల్లా రాయదుర్గం కాదు. ఒకసారి మన పెద్ద ఒకాయన ఆ ఊరి బస్సు కోసం అడిగాడట.) ఊళ్లో అందరూ అతణ్ణి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటారు. కాదు, డెస్క్‌టాప్ సపోర్ట్. ఇంజనీర్ల కంప్యూటర్లు మొరాయిస్తే పోయి బాగుచేస్తాడు. ఫోన్ చేస్తే, "తీసుకురండి అయ్యగారూ, ఏదీ నొక్కకండి, ఆన్ కూడా చేయకండి" అన్నాడు.

సీపీయూను బియ్యం సంచిలో పెట్టుకుని వికారాబాద్‌లో రైలెక్కాను. పక్కన కూర్చున్న అమ్మ "సన్న బియ్యమా అయ్యా?" అని అడిగింది. లింగంపల్లిలో దిగి, బస్సు పట్టుకుని గచ్చిబౌలి, అక్కడి నుండి ఆటో. మెట్రో రైలు 2019 నవంబరులో రాయదుర్గం దాకా వచ్చింది, ఆ లైను అక్కడితో ఆఖరు. స్టేషన్ చుట్టూ అద్దాల మేడలు, వాటి మధ్య ఇంకా పగలగొట్టని నల్లరాతి గుండ్లు. అటు దుర్గం చెరువు, ఇటు స్టార్టప్ కంపెనీల కోసం 2022లో తెరిచిన టీ హబ్ కొత్త భవనం. ఈ ఐటీ సంగతంతా 1998లో ఒక్క సైబర్ టవర్స్ భవనంతో మొదలైంది. అప్పుడు నేను ఇంకా సెమినరీ మొహం చూడలేదు. మేడల వెనక సందుల్లోకి పోతే పాత ఊరు అలాగే ఉంది. నీళ్ల డ్రమ్ములు, కోళ్లు, వరుసగా హాస్టళ్లు. అతని గది మూడో అంతస్తులో, ముగ్గురికి ఒక గది. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చి మూడు గంటలు పడుకున్నాడంతే. నా కోసం లేచాడు.

అతను పని చేసిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. నేను ఆత్రంగా సాఫ్ట్‌వేర్ గురించి చెప్పబోతే, "ఆగండి అయ్యగారూ" అని ముందు స్క్రూలు విప్పి పక్క రేకు తీశాడు. పదేళ్ల దుమ్ము. బ్రష్‌తో దులిపి, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ చూపించాడు. కరెంటు లేనప్పుడు తేదీని, టైమును నిలబెట్టేది అదేనట. అది ఎప్పుడో చచ్చిపోయింది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ 2009 జనవరి 1కి పోతోంది.

"మీకు వెబ్‌సైట్లు రాకపోవడానికి కారణం ఇదే" అన్నాడు. ప్రతి వెబ్‌సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఏ తేదీ నుండి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. కంప్యూటర్ ఇంకా 2009లోనే ఉన్నాననుకుంటే, ఈ సంవత్సరం ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనేలేదు. అందుకే అందరినీ దొంగలంటుంది. అదీ కారణం. నలభై రూపాయల బ్యాటరీ. నేను నెల రోజులు ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకున్నాను. మీలో ఎవరి పాత కంప్యూటర్‌కైనా ఇలా అవుతుంటే, ముందు కుడివైపు మూలన తేదీ చూడండి.

తర్వాత అతను చేసింది నేను ఊహించలేదు. మన విండోస్‌ను తెరవనేలేదు. తన పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టుకుని దాని మీదనుండి కంప్యూటర్‌ను నడిపించాడు. లోపలి హార్డ్ డిస్క్ ఇప్పుడు ఒక మామూలు పెట్టెలాగ పక్కన ఉంది. అందులోని వైరస్ లేచి పనిచేయడానికి వీలులేదు. ఫోల్డర్ తెరిచాడు. అన్నీ ఉన్నాయి! పాటలు, ప్రసంగాల నోట్సు, రిజిస్టర్, అన్నీ. ఆ వైరస్ ఏదీ చెరపలేదు. అసలు ఫోల్డర్లను దాచిపెట్టి, వాటి పేర్లతో దొంగ గుర్తులు ముందు నిలబెట్టింది. విండోస్‌లోనైతే అట్రిబ్ అనే ఒక కమాండ్‌తో ఆ దాపరికం తీసేయవచ్చని చెప్పాడు. రిజిస్టర్‌లో 2018 తెరిస్తే పిల్లవాని పేరు, తేదీ, సాక్షుల పేర్లు కనబడ్డాయి. నేను అక్కడే స్తోత్రం చెప్పాను. గదిలో పడుకున్న ఇంకొక అబ్బాయి ఉలిక్కిపడి లేచాడు, పాపం.

అప్పుడు అడిగాడు. "అయ్యగారూ, ఈ పెన్‌డ్రైవ్ ఎక్కడిది?"

"ఎవరో ఇచ్చారు బాబూ" అన్నాను.

అతను ఏమీ అనలేదు. తెర వైపు తిరిగి ఫైళ్లు కాపీ చేస్తున్నాడు. "ఇంకో అరగంట పడుతుంది, కిందికి పోయి టీ తాగి రండి" అన్నాడు.

ఇక్కడ మీకొక పాత సంగతి చెప్పాలి. ఆదివారం అతని అనుమతి అడిగాకే చెప్పాను. అతను డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్నాడు. కూడా నేర్చుకున్నవాళ్లు చాలామంది డబ్బు కట్టి, పనిచేయని కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్టు అనుభవపు కాగితాలు తెచ్చుకుని ఉద్యోగాల్లో చేరిపోయారు. ఇతను నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, పెట్టమంటారా?" అని అడిగాడు. అబద్ధపు కాగితంతో మొదలుపెట్టిన దాన్ని ప్రభువు ఎలా ఆశీర్వదిస్తాడు అని గంటసేపు చెప్పి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపాను. అతను ఆ కాగితం పెట్టలేదు. రెండేళ్లు ఉద్యోగం రాలేదు. బైకు మీద భోజనం పొట్లాలు మోశాడు. వాళ్ల నాన్న ఆ రెండేళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఈ సపోర్ట్ ఉద్యోగం దొరికింది, ఆ కాగితాలు పెట్టిన వాళ్లకంటే ఎంతో తక్కువ జీతానికి.

టీ గ్లాసు పట్టుకుని మెట్రో స్టేషన్ దగ్గర నిలబడ్డాను. మెడలో ఐడీ కార్డులతో పిల్లలు దిగుతున్నారు, ఎక్కుతున్నారు. గేహజీ గుర్తొచ్చాడు. నామాను దగ్గర బట్టలు, వెండి తీసుకుని ఇంట్లో దాచి వచ్చిన గేహజీని, ఎక్కడినుండి వస్తున్నావని ఎలీషా అడుగుతాడు. ఎక్కడికీ పోలేదంటాడు. నేను ఆ భాగం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో! ప్రతిసారీ ప్రవక్త వైపు నిలబడే ప్రసంగించాను. రెండు వందల రూపాయలు మిగలలేదు కూడా, పోయాయి. అయినా నా నోట వచ్చింది ఆ జవాబే. పైగా ఆ అబ్బాయి ముందు.

ఇంకొకటి కూడా తట్టింది. మన కంప్యూటర్ తెర ఎప్పుడూ నల్లగా ఉండేది, కింద మూలన ఇంగ్లీషులో రెండు గీతల రాత ఉండేది. మీరూ చూశారు. "ఈ విండోస్ కాపీ అసలైనది కాదు" అని దానర్థం. అంటే మొదటినుండీ, ఇచ్చినవాళ్లకు తెలియకుండానే, విండోస్ కూడా దొంగ కాపీయే. ఇన్నేళ్లు మందిరంలో టీవీ మీద, పాటకూ పాటకూ మధ్య, ఆ మాట అందరికీ కనబడుతూనే ఉంది. నేను రంగు బాగుందనుకున్నాను.

పైకి వెళ్లి చెప్పాను. "బాబూ, అది ఎవరో ఇచ్చింది కాదు. నేనే షాపులో ఎక్కించుకున్నాను, దొంగదని తెలిసే ఎక్కించుకున్నాను. ఇందాక అబద్ధం చెప్పాను."

అతను కొంచెంసేపు ఊరుకుని, "తెలుసు అయ్యగారూ, ఫోల్డర్ పేరులోనే ఉంది" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "అప్పుడు మీ మాట విన్నందుకు మీ మీద చానా రోజులు కోపం ఉండె" అన్నాడు. "ఇప్పుడు?" అని అడిగాను. "కొంచెం ఉంది" అన్నాడు. ఇద్దరం నవ్వాము గాని అతను అన్నది నవ్వులాటకు కాదు. నేను క్షమించమని అడిగాను. దొంగ కాగితం వద్దన్నందుకు కాదు, అది ఇప్పటికీ వద్దనే అంటాను. వద్దని చెప్పి పంపాక ఆ రెండేళ్లు అతను ఎలా బతుకుతున్నాడో ఒక్కసారి కూడా పోయి చూడనందుకు. ఫోన్‌లో ప్రార్థన చేశాను, అంతే.

ఇక కంప్యూటర్ సంగతి. మన ప్రాసెసర్ నిజానికి 64 బిట్‌దేనట, అందులో వేసిన విండోస్ మాత్రమే 32 బిట్‌ది. "మెషిన్ మంచిదే అయ్యగారూ, పైన కూర్చున్నదే చిన్నది" అన్నాడు. విండోస్ 11 అయితే దీని మీద ఎక్కదు. దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా కొత్త తరంది ఉండాలి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అతను పనిచేసేచోట ఇలాంటి బాగున్న కంప్యూటర్లనే వరుసగా పక్కన పేరుస్తున్నారట. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని కంప్యూటర్ మార్కెట్ ఉంది, అక్కడ కొన్న వాడిన ర్యామ్ ముక్క ఒకటి అతని దగ్గర ఉంటే అది వేసి నాలుగు జీబీ చేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. పాత డిస్క్‌లో ఉన్నవన్నీ రెండుచోట్ల కాపీ తీసుకున్నాక, దాన్ని పూర్తిగా తుడిచి లినక్స్ మింట్ వేశాడు. దాని మీద ఓపెన్‌ఎల్‌పి అనే ఆరాధన పాటల సాఫ్ట్‌వేర్.

"ఇది ఎంత?" అని అడిగాను, జేబు తడుముకుంటూ. ఏమీ లేదన్నాడు. మళ్లీ దొంగదేమోనని నా మొహం మారితే నవ్వాడు. ఇవి చేసినవాళ్లే వాడుకోండి, కాపీ చేసుకోండి, పక్కవాళ్లకు ఇవ్వండి, కావాలంటే మార్చుకోండి అని లైసెన్స్ రాసి ఇచ్చారట. ఓపెన్‌ఎల్‌పి చేసినవాళ్లు కూడా స్వచ్ఛందంగా చేసినవాళ్లే. తెలుగులో లినక్స్ కోసం హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. మండలి, రామభద్ర, పెద్దన, తిమ్మన వంటి తెలుగు ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతాయి. అంటే నేను షాపులో దొంగతనానికి రెండు వందలు కడుతున్న రోజున కూడా ఇవన్నీ ఊరికే దొరుకుతున్నాయి. అడగలేదు, అంతే. పాస్టర్ పోయి పిల్లవాణ్ణి అడగడమేమిటి అన్న బింకం.

"క్రీస్తు" అని టైప్ చేసి చూశాడు. కకారం కింద రకారం, సకారం కింద తకారం, చక్కగా కూర్చున్నాయి.

ఆదివారం సంఘంలో ఇదంతా చెప్పినప్పుడు అందరికీ నచ్చలేదు. ఒక పెద్ద బయటికొచ్చాక, "ఇవన్నీ స్టేజీ మీద చెప్పాలా అయ్యగారూ, రేపు మన మాట ఎవరింటరు?" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది, ఆయన మీద నాకేమీ లేదు. టౌన్‌లో డీటీపీ సెంటర్ నడుపుకునే మన సహోదరి మాత్రం ఆ రోజు ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. పెండ్లి కార్డులు, కరపత్రాలు అన్నీ ఆమె పాత సాఫ్ట్‌వేర్ల మీదే చేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌తోనే ముగ్గురు పిల్లలను చదివిస్తోంది. అమ్మా, ఇది చదువుతుంటే, నేను మిమ్మల్ని వేలెత్తి చూపడానికి చెప్పలేదు. యూనికోడ్‌కు మారాలంటే పాత ఫైళ్లన్నీ మార్చుకోవాలి, అది ఎంత పనో ఆ అబ్బాయిని అడిగి చెబుతాను. ఒక్కరోజులో అయ్యేది కాదు.

పెండ్లి పిల్లవాని సర్టిఫికెట్ పంపించాను. మొదటి ప్రకటన చదివారు. 2017 నుండి ఉన్న పేర్లన్నీ మా ఇంటావిడ, నేను కూర్చుని పేపర్ రిజిస్టర్‌లో మళ్లీ చేత్తో రాస్తున్నాము. ఇప్పటికి 2021 దాకా వచ్చాము. టీవీ మీద అక్షరాలు చిన్నగా ఉన్నాయని వెనక బెంచీ అమ్మలు అంటున్నారు, అది నాకు చేతనవును, పెంచుతాను.

నిన్న రాత్రి ఆ అబ్బాయి షిఫ్ట్‌లో నుండి మెసేజ్ పెట్టాడు. "అయ్యగారూ, ఈ వారం బ్యాకప్ తీశారా?" తీయలేదు. ఇది మీకు పోస్ట్ చేసి ఆ పని మీదే కూర్చుంటున్నాను.